ఒకటో నంబరు కోడి గుడ్డు మానేసిన వైనం

దేశంలో గుడ్ల కొరత ఆదివారం ఉదయం పది గంటలకు ముగిసిపోయిందని ఇంటి కోళ్ల అభివృద్ధి మంత్రిత్వ శాఖ ప్రకటించింది. కొరత ఎన్ని గంటలకు ముగిసిందో కూడా లెక్కగా చెప్పగల శాఖ మరెక్కడా ఉండదు. "పెరటికో కోడి, పూటకో గుడ్డు" అనే ఈ మహా పథకానికి నమూనా గ్రామంగా కైరోకు ఉత్తరాన డెల్టాలోని కఫ్ర్ షవ్వాన్‌నూ, అందులో నమూనా ఇల్లుగా ఉమ్ రిజ్క్ అనే వితంతువు ఇంటినీ, నమూనా కోడిగా ఆమె పెరట్లో తిరిగే ఎర్ర కోడినీ ఎంపిక చేశారు. షమ్ అన్నసీమ్ అనే వసంత పండగ మర్నాడు, అంటే మంగళవారం, మంత్రి గారు స్వయంగా విచ్చేసి, ఆ కోడి పెట్టిన తాజా గుడ్డును కళ్లారా చూసి, పథకాన్ని జాతికి అంకితం చేస్తారు.

వ్యవసాయ సంఘం మైకులో ఈ వార్త వచ్చినప్పుడు ఉమ్ రిజ్క్ మట్టి పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది. వార్త పూర్తయ్యేసరికి చేతిలో రొట్టె మాడిపోయింది. ఎందుకంటే ఆ కోడి గుడ్డు పెట్టడం మానేసి అప్పటికి ఆరు రోజులు.

కోడి పేరు జమాలాత్. అది ఉమ్ రిజ్క్ ఆడపడుచు పేరు. ఇద్దరికీ అడగకుండా వంటింట్లోకి వచ్చే అలవాటు ఉండటం వల్ల ఆ పేరు పెట్టింది. పక్కింట్లోనే ఉండే ఆడపడుచు మొదట్లో అలిగింది గానీ, కోడి ఫోటో పేపర్లో పడ్డాక కాస్త మెత్తబడింది.

పేపర్లో పడటానికి కారణం సంఘం ఇంజనీరు వగ్ది గారు. కిందటి వేసవిలో మంత్రిత్వ శాఖ ఊరికి నూరు తెల్లకోళ్లను పంపింది. ఒక్కోదాని కాలికి ఒక అల్యూమినియం ఉంగరం, ఉంగరం మీద నంబరు. ఆ కోళ్లు పుట్టింది ఏసీ షెడ్లలో. కఫ్ర్ షవ్వాన్ ఎండకు తొమ్మిది రోజుల్లో నూటికి నూరూ పోయాయి. వగ్ది గారు రిజిస్టరులో "వాతావరణానికి అలవాటు పడుతున్నవి" అని రాశారు. ఇంతలో కైరో నుంచి ఫోటోగ్రాఫరు దిగాడు. ఇంజనీరు ఒకటో నంబరు ఉంగరం జేబులో వేసుకుని ఉమ్ రిజ్క్ పెరట్లోకి పరిగెత్తారు.

"రెండే రెండు నిమిషాలు హాజ్జా, ఫోటో దిగి తీసేస్తాం" అన్నారు.

ఉమ్ రిజ్క్ మక్కా ఎప్పుడూ వెళ్లలేదు. ఇంజనీరు గారు పని పడినప్పుడే ఆమెను హాజ్జా అంటారు. ఆ మాట విని మెత్తబడి కోడిని పట్టి ఇచ్చింది. ఫోటో అయ్యాక ఉంగరం తీయబోతే నిబంధన అడ్డొచ్చింది. తొడిగిన ఉంగరం ప్రభుత్వ ఆస్తి, దాన్ని తీయడానికి కైరో ఆర్డరు కావాలి. ఉంగరం ప్రభుత్వానిదైతే, ఆ ఉంగరంలో ఉన్న కాలూ, కాలికి పైనున్న కోడీ ఎవరివో ఇక అడగాల్సిన పని లేదు.

ఆదివారం సాయంత్రం వగ్ది గారు ఫైలు చంకన పెట్టుకుని వచ్చారు.

"హాజ్జా, ఈ రోజు ఎన్ని?"

"సున్నా బాబూ. పొదుగుకు కూచుంది."

"అంటే?"

"అంటే ఏముంది, వసంతం వచ్చింది, దానికి పిల్లల మీద మనసు పోయింది. ఖాళీ గడ్డి మీద కూచుని పొదుగుతోంది. మూడు వారాలు దాని జోలికి వెళ్లకూడదు. తర్వాత అదే లేస్తుంది, అదే పెడుతుంది."

"ఎవరి అనుమతితో కూచుంది?"

"నన్నడుగుతారేంటి? కాలికున్న ఉంగరం మీది. మీరే అడగండి."

ఇంజనీరు గారు వంగి కోడిని చూశారు. కోడి ఈకలు నిక్కబొడుచుకుని ఆయన్ని చూసి గుర్రుమంది. ఆయన ఒకడుగు వెనక్కి వేసి ఫైలు తెరిచారు. రోజువారీ ఫారంలో రెండే గడులున్నాయి. ఒకటి "పెట్టింది", రెండోది "అంచనాకు మించి పెట్టింది". మూడో గడి వేయాలన్న ఆలోచన దూరదృష్టి గల మంత్రిత్వ శాఖకు రాలేదు. ఆయన చాలాసేపు ఆలోచించి, ఏ గడిలోనూ రాయలేక, రెండింటి మధ్యనున్న గీత మీద టిక్కు పెట్టారు.

"మంగళవారానికి గుడ్డు లేకపోతే నన్ను ఎడారికి బదిలీ చేస్తారు హాజ్జా."

"అయ్యో. మరి నా జమాలాత్‌ని?"

"సర్క్యులర్ ప్రకారం గుడ్డు పెట్టని ఉంగరం కోళ్లను కైరోలోని ఉత్పాదక కేంద్రానికి తరలించాలి."

"అక్కడికెళ్లిన కోడి ఏదైనా తిరిగొచ్చిందా?"

"ఇంతవరకూ ఏదీ వెళ్లలేదు. కేంద్రం ఇంకా కడుతున్నారు. వంటగది ఒక్కటీ పూర్తయింది."

ఉమ్ రిజ్క్ వెళ్లి కోడికి అడ్డంగా నిలబడింది. ఆ కోడిని పిల్లగా ఉన్నప్పుడు ఆమె భర్త మిత్వల్లీ సంత నుంచి కోటు జేబులో పెట్టుకుని తెచ్చాడు. తెచ్చిన వారానికే ఆయన పోయాడు. ఆయన చేత్తో ఇంటికి తెచ్చిన ఆఖరి వస్తువు అదే. పొద్దున్నే అది కొక్కరిస్తూ గడప ఎక్కితే ఇంట్లో ఇంకా మగదిక్కు ఉన్నట్టే ఆమెకు అనిపించేది. ఈ మాట బయటికంటే ఆడపడుచు నవ్వుతుందని ఎవరికీ చెప్పలేదు.

ప్రభుత్వం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. సోమవారం పండగ సెలవైనా సరే, జిల్లా నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ దిగింది. కోడి ఎదురుగా మూడు కుర్చీలు వేసుకుని రెండు గంటలు కూర్చుని, పదకొండు గ్లాసుల పుదీనా టీ తాగి, కోడి సహకరించడం లేదని ఏకగ్రీవంగా తేల్చింది. ఒక సభ్యుడు దేశభక్తి గీతాలు వినిపించి చూద్దామన్నాడు. రేడియో తెచ్చి గంటసేపు వినిపించారు. రెండో పాటకే పక్కింటి గాడిద లేచి నిలబడింది. జమాలాత్ మాత్రం లేవలేదు. ఉమ్ రిజ్క్ తన వంతుగా దాన్ని బకెట్లో పొట్ట దాకా ముంచి తీసింది. కోడి చేత పొదుగు మాన్పించడానికి అక్కడందరూ చేసే పనే అది. కోడి తడి ఈకలు దులుపుకుని తిన్నగా వెళ్లి మళ్లీ గడ్డి మీదే కూర్చుంది.

మంగళవారం తెల్లారేసరికి వగ్ది గారికి కనువిప్పు కలిగింది.

"అది పెట్టకపోతే ఏం హాజ్జా? ఎవరో ఒకరి కోడి పెట్టే ఉంటుంది. ఒక గుడ్డు తెచ్చి దాని కింద పెట్టేద్దాం."

"గుడ్డా? ఈ రోజా?" అంది ఉమ్ రిజ్క్. "నిన్న పండగ కదా బాబూ!"

అప్పుడు గుర్తొచ్చింది ఇంజనీరుకు. షమ్ అన్నసీమ్ నాడు ఊరు ఊరంతా కాలవ గట్టుకు వెళ్లి, ఉప్పు చేపా ఉల్లికాడలూ రంగు గుడ్లూ తింటుంది. అందుకని ఇంటింటా ఉన్న గుడ్లన్నీ, పండగ పొద్దున పెట్టినవి కూడా, ఉడకబెట్టి రంగులేశారు. కొట్టువాడి గుడ్ల అట్టలు కూడా ఖాళీ, తెల్లారి ఇంకా ఏ కోడీ పెట్టలేదు. అయినా ఆశ చావక ఇరవై ఇళ్లు తిరిగారు. ప్రతి ఇంట్లోనూ గుడ్లున్నాయి, పసుపువీ, ఎర్రవీ, పువ్వులు వేసినవీ. పచ్చి గుడ్డు మాత్రం కఫ్ర్ షవ్వాన్‌లో ఒక్కటంటే ఒక్కటి లేదు.

చివరికి ఆడపడుచు జమాలాత్ తన బుట్టలోంచి ఒకటి తీసి ఇచ్చింది. ఉల్లిపొట్టు వేసి ఉడకబెట్టిన గుడ్డు. చక్కటి గోధుమ రంగు, మీద బొమ్మా గిమ్మా ఏమీ లేదు.

"ఉడికిందే గదా!" అంది ఉమ్ రిజ్క్.

"మంత్రి గారు చూస్తారంతే, తినరు" అన్నారు వగ్ది గారు, కార్యక్రమ పత్రం తెరిచి. "ఇదిగో, నాలుగో పేజీ. గుడ్డు సందర్శన, నలభై సెకన్లు. ఆ తర్వాత ఉపన్యాసం, యాభై నిమిషాలు."

"కోడిని నా పేరుతో పిలుస్తారు, గుడ్డు కూడా నాదే" అంది ఆడపడుచు. "ఇంకేం, ఆ గడ్డి మీద నన్నే కూచోబెట్టండి."

ఉమ్ రిజ్క్‌కు ఈ పని నచ్చలేదు. కానీ కైరోలోని ఆ వంటగది కళ్ల ముందు మెదిలింది. గుడ్డు తీసుకెళ్లి గడ్డి మీద పెట్టింది. ఎనిమిది రోజులుగా ఒట్టి గడ్డిని పొదుగుతున్న జమాలాత్ దాన్ని ముక్కుతో దగ్గరికి లాక్కుని, కడుపు కింద సర్దుకుని, కళ్లు మూసుకుంది. ఆ సంబరం చూసి ఉమ్ రిజ్క్‌కు జాలేసింది.

మంత్రి గారు పదకొండు గంటలకు రావాల్సి ఉండగా సరిగ్గా రెండున్నరకు వచ్చారు. బ్యాండు మోగింది. మూడు కెమెరాలు, ఇరవై మంది అధికారులు, పత్రికా కార్యదర్శి షాహీన్ గారు, అందరూ కలిసి ఉమ్ రిజ్క్ పెరట్లోకి వచ్చేసరికి అక్కడి జామ చెట్టు కొమ్మ ఒకటి విరిగింది. కోడి కింద చెయ్యి పెట్టబోయిన ఇద్దరు అధికారులను అది పొడిచింది. మూడో అధికారి చేతికి తొడుగు వేసుకుని గుడ్డు తీసి వెండి పళ్లెంలో పెట్టాడు.

మంత్రి గారు గుడ్డును ఎత్తి పట్టుకున్నారు. నలభై సెకన్లు గడిచాయి. అక్కడితో ఆగి ఉంటే వేరే సంగతి. కానీ మహానుభావులకు ఆవేశం వేళాపాళా చూసి రాదు.

"ఈ గుడ్డును నేను మ్యూజియంలో పెట్టను" అన్నారు గద్గద స్వరంతో. "ఈ తల్లి ఇంట్లో, ఈ తల్లి పెనం మీద, నా చేత్తో నేనే వేసుకుని తింటాను. పెనం తెండి!"

చప్పట్లు మోగాయి. ఇంజనీరు గారి ముఖం నిన్నటి ఉప్పు చేప రంగులోకి తిరిగింది. ఎవరో పెనం తెచ్చారు, ఎవరో నెయ్యి వేశారు. మంత్రి గారు గుడ్డును పెనం అంచుకు తట్టారు. పగిలింది గానీ ఏమీ కారలేదు. మళ్లీ తట్టారు. మూడోసారి గట్టిగా కొట్టేసరికి పెంకు ఊడి, తెల్లటి గుండ్రటి ఉడికిన గుడ్డు పెనంలో పడి దొర్లి, నేతిలో నిలబడింది.

బ్యాండు ఆగిపోయింది. ఇరవై మంది అధికారులూ ఒకేసారి తమ బూట్ల వైపు చూసుకున్నారు. మంత్రి గారు గుడ్డును తీసి అటూ ఇటూ తిప్పి, ఒక కొరుకు కొరికారు.

"ఉప్పు తక్కువైంది" అన్నారు.

ఆ ఒక్క మాట చాలు షాహీన్ గారికి. ఎగిరి కెమెరాల ముందుకు దూకారు.

"ప్రేక్షకులారా! ఉడికిన గుడ్డు పెట్టే కోడి! ప్రపంచంలో మొట్టమొదటిది! గ్యాసు అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు, వలుచుకుని తినడమే! మంత్రి గారి దార్శనికతకు ఇది నిదర్శనం!"

చప్పట్లు ఈసారి ఇంకా గట్టిగా మోగాయి. మంత్రి గారు వగ్ది గారి వైపు తిరిగారు.

"ఎన్ని నిమిషాలు ఉడికినది పెడుతుంది?"

వగ్ది గారు ఎడారిని ఒక్క క్షణం తలుచుకున్నారు. "ఏడు నిమిషాలదండీ."

"కొంచెం మెత్తగా కావాలంటే?"

"మేత తగ్గిస్తే నాలుగు నిమిషాలకు వస్తుందండీ."

ఉమ్ రిజ్క్ ఇక ఆగలేక ముందుకొచ్చింది. "అయ్యా, అది నిన్నటి పండగ గుడ్డయ్యా. మా ఆడపడుచు ఉల్లిపొట్టేసి…"

"చూడండి" అన్నారు షాహీన్ గారు, ఆమె ముఖానికి మైకు అడ్డుపెట్టి. "ఈ తల్లికి ఆనందంతో మాటలు తడబడుతున్నాయి!"

గంటలో అంతా తేలిపోయింది. ఇంతటి కోడిని పల్లెటూరి పెరట్లో వదిలేయడం దేశద్రోహం కాబట్టి పరిశోధన కోసం కైరో తీసుకెళ్లాలని నిర్ణయించారు. జమాలాత్‌ను మంత్రి గారి రెండో కారులో ముందు సీట్లో పట్టు దిండు మీద పెట్టారు. ఉమ్ రిజ్క్ కారు తలుపు పట్టుకుంది.

"అది నా కోడి నాయనా! నా పెనిమిటి తెచ్చిన కోడి!"

"నీది కాదమ్మా, ఇక జాతిది" అన్నాడు డ్రైవరు, ఎంతో గౌరవంగా ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తూ. ఆమె చేతిలో ఒక ప్రశంసాపత్రం పెట్టారు. ఆ సాయంత్రం ఆమె పొయ్యి వెలిగించలేదు, రొట్టె ముట్టలేదు. ఖాళీ గడ్డిని చూస్తూ పెరట్లోనే కూర్చుని ఏడ్చింది.

జాతి మాత్రం ముందుకు సాగింది. వగ్ది గారిని ఉడుకుదల విభాగం డైరెక్టరుగా చేసి కైరో రప్పించారు. పథకం సాధించిన విజయానికి గుర్తింపుగా, గుడ్లు ఉడికే వస్తాయి కనుక, కఫ్ర్ షవ్వాన్‌కు వచ్చే గ్యాసు బండలను సగానికి తగ్గించారు. ఈ గౌరవం జిల్లాలో మరే ఊరికీ దక్కలేదు. గ్యాసు లారీ దగ్గర క్యూలో నిలబడిన ఆడవాళ్లు ఉమ్ రిజ్క్ కనపడితే చాలు, మొహం తిప్పుకునేవారు.

"అందరి పొయ్యీ ఆర్పింది నీ కోడి" అంది ఒకావిడ.

"కోడేం చేసింది పాపం, పెట్టను మొర్రో అని కూచుంటే పెట్టించారు" అంది ఆడపడుచు. వదినను వెనకేసుకురావడం ఆవిడకు అదే మొదటిసారి.

ఉమ్ రిజ్క్ ప్రతి మంగళవారం వ్యవసాయ సంఘానికి వెళ్లి, అక్కడి గుమాస్తాను ఒకటే అడిగేది. "బతికుందా?"

"పత్రికల్లో లేదు కాబట్టి బతికే ఉంటుంది పిన్నీ" అనేవాడు గుమాస్తా. "పోతే జాతీయ సంతాపం ప్రకటిస్తారు కదా!"

నలభయ్యో రోజున పెరటి ముందు ఒక పాత జీపు ఆగింది. అందులోంచి వగ్ది గారు దిగారు. ఒక చేతిలో ఫైలు, రెండో చేతిలో తాటాకు బుట్ట. బుట్టలోంచి ఎర్రటి తల ఒకటి బయటికొచ్చి, పెరడు చూసి, గట్టిగా కొక్కరించింది. ఉమ్ రిజ్క్ పరిగెత్తి, బుట్టతో సహా దాన్ని గుండెలకు హత్తుకుంది.

"నా తల్లే! నా బంగారమే! చిక్కిపోయావే!"

"ఆగు హాజ్జా, ఇంకా అప్పగించలేదు" అంటూ వగ్ది గారు ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టారు. "ఒకటో నంబరు కోడిని పరిశోధన కేంద్రంలో పరిశీలనలో ఉంచగా, తొలి మూడు వారాలు సన్నాహక దశలో ఉండి, ఏమీ పెట్టలేదు. అనంతరం పద్దెనిమిది రోజులుగా రోజుకొక గుడ్డు పెట్టుచున్నది."

"చూశారా! మూడు వారాలని నేను అప్పుడే చెప్పలేదూ!"

"వినమ్మా. పద్దెనిమిదీ పచ్చివే. ఒక్కటి కూడా ఉడకలేదు. నిపుణులు ఎంత ప్రయత్నించినా కోడి తన పూర్వ సామర్థ్యాన్ని అందుకోలేదు. కావున సదరు కోడి గుడ్లు పెట్టడం పూర్తిగా మానేసినట్టు ధ్రువీకరించి, సర్వీసు నుంచి తొలగించి, ఉంగరం తీసివేసి, పాత యజమానికి అప్పగించాలని ఆదేశం."

ఆయన జేబులోంచి రేకు కత్తెర తీసి ఉంగరాన్ని కత్తిరించారు. ఆ చప్పుడు వింటే ఉమ్ రిజ్క్‌కు ప్రాణం లేచొచ్చింది.

"మరి గ్యాసో?" అంది ఆడపడుచు గోడ మీద నుంచి.

"గ్యాసు తగ్గించింది పథకం విజయవంతమైనందుకు. పథకం ఇప్పటికీ విజయవంతమే" అన్నారు వగ్ది గారు. "హాజ్జా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి. ఈ కోడి గుడ్లు పెట్టదని నీకు తెలుసనీ, ఇకముందు దీని నుంచి గుడ్లు ఆశించననీ ఒప్పుకుంటున్నట్టు."

"రోజుకొకటి పెడుతోందని మీరే చదివారు కదా బాబూ?"

"హాజ్జా, నీకు కోడి కావాలా, వాదన కావాలా?"

ఉమ్ రిజ్క్ వేలికి సిరా రాసుకుంది. ముద్ర వేస్తుండగానే జమాలాత్ ఆమె చంకలోంచి జారి, తిన్నగా గడ్డి మీదికెళ్లి, రెండు నిమిషాలు కూర్చుని, లేచి, ఊరంతా వినబడేలా కొక్కరించడం మొదలుపెట్టింది. గడ్డిలో గుడ్డు తడితడిగా మెరుస్తోంది.

వగ్ది గారు కాగితం వైపు చూశారు, గుడ్డు వైపు చూశారు. సంతకం పెట్టబోయిన చెయ్యి ఆగింది. డైరెక్టరు స్థాయి అధికారి కళ్లారా చూడనిదే ధ్రువీకరించకూడదు. గుడ్డు ఆమె చేతికిచ్చి కొట్టమన్నారు. ఉమ్ రిజ్క్ పొయ్యి మీద పెనం పెట్టి, నెయ్యి వేసి, గుడ్డు కొట్టింది. తెల్లసొన బుసబుసా పొంగి అంచులు ఎర్రబడ్డాయి. మధ్యలో పచ్చసొన నిండుగా నిలిచింది.

ఇంజనీరు గారు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

"చూశావా హాజ్జా, పూర్తిగా మానేసింది" అని సంతకం పెట్టి, పీట లాక్కుని కూర్చుని, పచ్చసొన అద్దుకోవడానికి ఒక రొట్టె అడిగారు.